ఇండుపగంధం తాగిన కారు

“దిగకే బుల్లీ! నువ్వు కాలు కింద పెట్టావంటే మీ పిన్ని రాదు!” అని బాబాయి అరిచేసరికి నా కుడికాలు కారు మెట్టు మీద ఉంది, ఎడమకాలు లోపల ఉంది, ప్రాణం మాత్రం ఎప్పుడో దూకేసి కాలవగట్టు మీద నిలబడింది. ముందు బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి తన్నుకొస్తోంది. రేడియేటరు మూత కింద పెళ్ళివారి గాడిపొయ్యి మీద గుండిగ ఉడికినట్టు గుడగుడమంటోంది. వెనక సీట్లో మా నాయనమ్మ మరచెంబు ఒళ్ళో పెట్టుకుని, “వేడి చేసిందిరా దానికి. నే చెబుతూనే ఉన్నాను, ఎవరు వింటారు?” అంటోంది. కొత్తపేటలో ఉదయమే బయల్దేరాం, ముక్తేశ్వరం ఇంకా సగం దారి ఉంది. అటు చూస్తే కొబ్బరిచెట్లు, ఇటు చూస్తే ఎర్రనీళ్ళతో ఒరుసుకుపోతున్న కాలవ. మధ్యలో మేము ముగ్గురం, పొగలు కక్కుతున్న మా కారు.

ఆ రోజుల్లో మా వైపు ఎవరింట్లోనైనా కారు బయల్దేరుతోందంటే ఊళ్ళో సగంమంది చూడ్డానికి వచ్చేవారు, మిగతా సగం తొయ్యడానికి. యుద్ధం అయిపోయిన కొత్త. పెట్రోలు దొరికితే గొప్ప, దొరికిన పెట్రోల్లో కిరసనాయిలు కలవకపోతే ఇంకా గొప్ప. మా బాబాయి ఆ రోజుల్లో, ఎవరో ఎస్టేటువారు కొత్త కారు తెప్పించుకుని వదిలించుకున్న పాతకారు ఒకటి కొన్నాడు. పైన గుడ్డ టాపు, పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు, ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గాని మేలుకోని ఇంజను. వెనకనించి పొగ వదులుతూ దగ్గుకుంటూ పోతుందని వీధిలో పిల్లలు దానికి ‘చుట్టకారు’ అని పేరు పెట్టారు. కారు కొన్న నాలుగు నెలలకి బాబాయికి పెళ్ళయింది. అందుకని మా నాయనమ్మ లెక్కలో ఇంటికి ముందొచ్చిన పెద్దకోడలు కారు, తరవాతొచ్చిన చిన్నకోడలు పిన్ని. (ఈ లెక్క ఆవిడ సరదాకి చెప్పేది కాదు. అమావాస్యకి దిష్టి తీసినా ముందు కారుకే తీసేది.)

మా నాన్నగారికి కాకినాడలో ఉద్యోగం. నేను మాత్రం నాయనమ్మకి తోడుగా కొత్తపేటలోనే పెరిగాను. ఎనిమిదో క్లాసుతో నా చదువు మానిపించేశారు. అప్పట్నించీ నా మాటలు వినడానికి ఇంట్లో నాయనమ్మ, పెరట్లో గేదె తప్ప దిక్కులేదు. గేదే కాస్త నయం, మధ్యలో కునుకు తీసేది కాదు. అలాంటిది, నాకంటే రెండేళ్ళు పెద్దదైన పిన్ని కాపరానికొచ్చేసరికి నా నోటికి పండగొచ్చినట్టయింది. పొద్దున్న కళ్ళాపి జల్లడం మొదలు రాత్రి పక్కలు వేసేదాకా ఇద్దరం ఒకటే కబుర్లు. ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్తారింట్లో ఉండకూడదు కదా, పుట్టింటికి ముక్తేశ్వరం పంపాలి. “కారుండగా ఎద్దుబండి దేనికి?” అన్నాడు బాబాయి ఛాతీ విరుచుకుని. అదే కొంప ముంచింది. సరిగ్గా పిన్ని వాళ్ళ వీధి మొదట్లో కారు ఉడికిపోయి ఆగింది. ఎంత తిప్పినా పలకలేదు. తొయ్యడానికి మనుషులు చాలక, పట్టుచీరా, పూలజడా, కాళ్ళకి పారాణీతో పిన్ని కూడా దిగి ఓ చెయ్యి వేసింది. అరుగుల మీద కూచున్న అమ్మలక్కలు, “అల్లుడుగారు అమ్మాయిని దింపడానికొచ్చేరా, అమ్మాయే అల్లుడుగార్ని దింపుతోందాండీ?” అని ఒకటే నవ్వు.

ఆ సాయంత్రం మేం తిరిగొచ్చేటప్పుడు పిన్ని గుమ్మం దాటలేదు. తలుపు వెనకనించే నాతో అంది: “బుల్లీ, మీ బాబాయిగారికి చెప్పు. శ్రావణమాసం రాగానే రమ్మను. దారిలో ఎక్కడా ఎవరూ తొయ్యకుండా వస్తే ఆ కారులోనే వస్తాను. తోసుకుంటూ వస్తే మాత్రం అలాగే తోసుకుంటూ వెళ్ళిపోమను. ఆ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి.” పిన్ని మెత్తటి మనిషే, కాని మాటంటే మాటే. బాబాయి ఆ నెల్లాళ్ళూ కారు చుట్టూ పిల్లిలా తిరిగాడు. నేను బాబాయి చుట్టూ తిరిగాను. మళ్ళీ నా బతుకు గేదెపాలు అవుతుందేమోనని నా బెంగ.

కారు ఎందుకు ఉడుకుతోందో మొదట్లో ఎవరికీ తెలీలేదు. రోజూ పొద్దున్న కారు నిలబెట్టినచోట ముందు భాగం కింద నేలంతా తడిసి ఉండేది. నాయనమ్మ పక్కింటి కుక్కని అనుమానించింది. ఓ రోజు కర్ర పట్టుకుని కాపలా కూడా కాసింది. కుక్క రాలేదు గాని నేల తడిసింది. అప్పుడు బాబాయి నన్ను పళ్ళెం తెమ్మని కారు కింద పెట్టించి, ఇద్దరం బోర్లా పడుకుని చూశాం. టప్... టప్... మని చుక్కలు. కారు ముందు తేనెపట్టులా ఉంటుంది చూడండి, అదే రేడియేటరు, దాని అడుగు అతుకు దగ్గర సన్నగా చీలింది. ఇంజన్లో కాగిన నీళ్ళు పైనించి దాంట్లోకొచ్చి, సన్న గొట్టాల్లోంచి కిందికి దిగుతూ చల్లారి, మళ్ళీ ఇంజన్లోకి పోవాలట. ఉన్న నీళ్ళు కారిపోతే ఉడక్క చస్తుందా? బిందెలకి మాట్లు వేసే ఆయన్ని పిలిచి సీసం పోయించాం. అతుకు గట్టిగా కూచుంది. ఆ మర్నాడు పళ్ళెంలో ఒక్క చుక్క లేదు. బాబాయి ఆ ఖాళీ పళ్ళెం పట్టుకుని వీధంతా చూపించుకొచ్చాడు.

తీరా మళ్ళీ కారు తీస్తే, మళ్ళీ ఉడికింది! కారడం లేదు, నీళ్ళు నిండుగా ఉన్నాయి, అయినా మైలు పోయేసరికి పొగలు. బాబాయి ఫ్యాను బెల్టు మార్చాడు. ఇంజనాయిలు మార్చాడు. పెట్రోలు మోసమన్నాడు. నాయనమ్మ మాత్రం మొదట్నించీ ఒకటే మాట, “వేడి చేసింది.” ఏ మనిషికి ఏమొచ్చినా ఆవిడ చెప్పేది అదే. మజ్జిగ పొయ్యమని కూడా అంది గాని, బాబాయి దణ్ణం పెట్టి వద్దన్నాడు. నీళ్ళు పొయ్యడం మాత్రం, కారు మొదటిసారి ఉడికిన రోజునించీ ఆవిడ తన చేతుల్లోకి తీసుకుంది. “పెద్దకోడలికి దాహం తీర్చడం నా వంతు” అని రోజూ పొద్దున్నే మడికట్టుకున్నంత శ్రద్ధగా పోసేది.

శ్రావణం వచ్చింది. ఇంక ఆగడానికి లేదు. పన్నెండు గంటల లోపల పిన్నిని బయల్దేరదియ్యాలి, ఆ తరవాత వర్జ్యం అని ముక్తేశ్వరం తాతగారు, అంటే పిన్ని వాళ్ళ నాన్నగారు, కబురు పంపారు. దేవుడి మీద భారం వేసి బయల్దేరాం. సగం దారిలో జరిగింది మీకు ముందే చెప్పాను.

“బాబాయ్, పిన్ని దిగొద్దందా, తొయ్యొద్దందా?” అన్నాను కారు మెట్టుమీదే వేలాడుతూ.

బాబాయి ఆలోచనలో పడ్డాడు. “తొయ్యొద్దంది.”

“మరి దిగితే ఏం?”

“దిగితే తోసేస్తావే నువ్వు! నీ చేతులు ఊరుకుంటాయా?”

“ఒట్టు. చేతులు వెనక్కి కట్టుకుంటాను.”

“దిగనివ్వరా దాన్ని. నడుం పట్టేసింది, నేనూ దిగుతాను” అంది నాయనమ్మ. అలా ధర్మశాస్త్రం తేలాక ముగ్గురం దిగాం. నాయనమ్మ చల్లటి నీళ్ళు ఇంజను నెత్తిన కుమ్మరించబోతే బాబాయి అడ్డం పడ్డాడు, కాగిన మూకుడు మీద నీళ్ళు పోస్తే పగిలినట్టు ఇంజను పగుల్తుందట. కాని ఆ తొందర ఆయనకీ ఉంది. ఆవిరి తగ్గిందనుకుని కండువా చుట్టి మూత తిప్పాడు. బుస్సుమంది. “అబ్బే, ఏం లేదు, ఏం లేదు” అంటూ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కాసేపటికి లోపలికి తొంగి చూస్తే నీళ్ళు మెడదాకా ఉన్నాయి. “చూశావా? నిండుగా ఉన్నాయి. మరెందుకే ఇది ఉడకడం?” అని బాబాయి కాలవగట్టు మీద కూలబడ్డాడు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. “అమ్మేస్తానే బుల్లీ. ఇవాళ ఎలాగో చేరితే చాలు, రేపే అమ్మేస్తాను. మీ పిన్ని లేకుండా ఆ ఇల్లు ఇల్లులా లేదు” అన్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన అలాంటి మాట నా ఎదట అనలేదు.

నాకేం తోచలేదు. ఏం తోచకపోతే నేను ఏదో ఒకటి ముట్టుకుంటాను, చిన్నప్పట్నించీ అలవాటు. రేడియేటరు చల్లారుతోంది కదా అని వేళ్ళతో తడిమాను. పైన చురుక్కుమంది. చెయ్యి కిందికి జరిపాను, మధ్యలో వెచ్చగా ఉంది. ఇంకా కిందికి జరిపితే చల్లగా తగిలింది, మామూలు చల్లదనం కాదు, మా వంటింట్లో నీళ్ళకుండ అడుగున చెయ్యి పెడితే ఉండేలాంటి చల్లదనం.

“బాబాయ్, ఇది కింద చల్లగా ఉంది!”

“కిందికొచ్చేసరికి చల్లారాలనే కదే దాన్ని పెట్టింది.”

“చల్లారినట్టు లేదు. అసలు కాగనే లేదు. వేడినీళ్ళు ఇక్కడిదాకా వస్తేగా?”

బాబాయి లేచొచ్చి ఆయనా తడిమాడు. నా మొహంలోకి చూశాడు. కింద నీళ్ళు వదలడానికి ఓ చిన్న తూము బిరడా ఉంటుంది, అది విప్పాడు. పైన మెడదాకా నీళ్ళున్న రేడియేటరు, కింద బిరడా తీస్తే ఒక్క చుక్క, ఆలోచించి ఆలోచించి, జారింది. అంతే. ఎదురుగా రాలిపడ్డ కొబ్బరిమట్ట ఉంటే ఈనె ఒకటి చీల్చి ఆ బెజ్జంలో పొడిచాను. లోపల మెత్తగా తగిలింది. ఇంకాస్త తిప్పి లాగితే, తోడుకున్న పెరుగులా, ఎర్రటి బురదగడ్డ బయటికొచ్చింది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఎలా గుర్తుపట్టనూ? గోదావరికి కొత్తనీరు వచ్చిన రోజులన్నీ పొద్దున్నే నేను కుండ అడుగునించి గీకి పారబోసేది అదే కదా!

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, తెలియనివారికి చెబుతాను. వానాకాలం కాలవల్లో నీళ్ళు ఎర్రగా వస్తాయి. తాగడానికి ఆ నీళ్ళే. ఇండుపగింజ సానమీద అరగదీసి, ఆ గంధం కుండలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే, మట్టంతా గడ్డకట్టి అడుగుకి దిగిపోతుంది, పైన అద్దంలాంటి నీళ్ళు తేరతాయి. ఆ పైనీళ్ళు వంచుకుని తాగుతాం.

నేను మెల్లిగా నాయనమ్మ వైపు తిరిగాను. “నాయనమ్మా, నువ్వు కారుకి నీళ్ళు ఎలా పోస్తున్నావు?”

“ఎలా పొయ్యడం ఏమిటే? ఇండుపగంధం తీసి కలిపి పోస్తున్నాను. పిల్లాడి కారుకి ఎర్రనీళ్ళు పోస్తానా?”

“తేర్చి పోస్తున్నావా, పోసి తేరుస్తున్నావా?”

“తేరేదాకా వీడు ఆగితే కదుటే! పొద్దున లేస్తే హారను. అందుకని కాలవనీళ్ళల్లో గంధం కలిపి పోసేస్తున్నా. ఎక్కడైతేనేం, లోపలే తేరుకుంటాయి. అదీ కుండే కదా!”

బాబాయి ఆ బురదగడ్డ వంక చూశాడు. నెల్లాళ్ళ నించీ, కారిపోయిన నీళ్ళకి, ఆవిరైపోయిన నీళ్ళకి బదులు రోజూ బిందెడు ఎర్రనీళ్ళు, పైన గంధం. గోదావరి మన్ను బిందె తరవాత బిందె మా కారులో చక్కగా, పద్ధతిగా, అడుగుకి దిగి గడ్డకట్టింది.

మరి తిట్టుకోడానికి టైమేదీ? నాయనమ్మ కొంగు బిగించి ఈనెలు చీలుస్తోంది, నేను పొడుస్తున్నాను, బాబాయి కింది రబ్బరుగొట్టం ఊడదీసి, వెంట తెచ్చిన బిందెతో పైనించి కాలవనీళ్ళు ధారగా పోస్తున్నాడు. ముద్దలు ముద్దలుగా బురద. నా పరికిణీ, బాబాయి లాల్చీ రెండూ ఒకే రంగుకి వచ్చాయి. చివరికి పైన పోసినది పోసినట్టు కింద దూకింది. గొట్టం బిగించాక బాబాయి మళ్ళీ కాలవలో బిందె ముంచబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. “వద్దు. దీనికి తేరిన నీళ్ళే పొయ్యాలి.” గట్టు దిగితే తాటాకిల్లు ఒకటి కనిపించింది. బిందె పట్టుకుని ఒక్క పరుగున వెళ్ళాను. గుమ్మంలో ఒకావిడ చేటలో బియ్యం చెరుగుతోంది.

“ఏవండీ, కాసిని తేరిన నీళ్ళు ఇప్పిస్తారా అండీ?”

“ఆయ్, దాహానికాండీ? కూకోండి, తెత్తాను.”

“నాక్కాదండీ. కారుకి.”

ఆవిడ చేట కింద పెట్టేసింది. “కారుకాండీ? పక్కన ఏరంత కాలవ పారుతుంటే, మా కుండలో నీళ్ళయితేగాని దిగవాండీ దానికి గొంతులోకి?”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా పిన్ని సంగతి, వర్జ్యం సంగతి, నాయనమ్మ గంధం సంగతి అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ నోరు తెరుచుకుని విని, “ఆయ్, అలా చెప్పేరు కాదూ! కాపరం నిలబెట్టే నీళ్ళండీ బాబూ ఇయ్యి” అని కుండ నా బిందెలోకి వంచేసింది. మట్టి కదలకుండా ఎంత ఒడుపుగా వంచిందనుకున్నారు!

ముక్తేశ్వరం చేరేసరికి తాతగారు అరుగుమీద నిలబడి ఉన్నారు. మమ్మల్ని, మా బురదని చూసి, “రండి అల్లుడుగారూ. కారులో వచ్చేరా, కాలవలో వచ్చేరా?” అన్నారు. పిన్ని తలుపు వారగా నిలబడింది. మొహంలో నవ్వు లేదు.

“ఎవరైనా తోసేరా?”

“లేదు” అన్నాడు బాబాయి.

“దారిలో ఆగేరా?”

బాబాయి నా వైపు చూశాడు. “బుల్లీ, నువ్వు చెప్పు” అంది పిన్ని. నన్నడిగితే ఇంకేముంది? మొత్తం చెప్పాను, ఈనెతో పొడవడం అభినయించి మరీ చెప్పాను. అంతా అయ్యాక నాయనమ్మ గుమ్మంలోంచి, “నా గంధం పని చేసిందా లేదా? మట్టంతా అడుగుకి దిగిందని అదే చెబుతోందిగా!” అంది, పతకం రానందుకు నొచ్చుకున్నట్టు. తాతగారు కండువా నోటికడ్డం పెట్టుకున్నారు. పిన్ని పెదవి కొరుక్కుంది గాని నవ్వలేదు. బాబాయినే చూస్తోంది. “ఆ చెయ్యి వెనక్కి దాస్తారేం? చూపించండి.” చూపించాడు. అరచేతి నిండా బొబ్బలు. సగం దారి ఆ చేత్తోనే స్టీరింగు తిప్పాడని నాకూ అప్పుడే తెలిసింది. పిన్ని లోపలికెళ్ళి వెన్నగిన్నె తెచ్చింది. వెన్న రాస్తుంటే బాబాయి తల వంచుకుని, “రేపు అమ్మేస్తాను కారుని” అన్నాడు మెల్లిగా.

“ఎందుకూ?” అంది పిన్ని. “పెద్దకోడల్ని వెళ్ళగొట్టి చిన్నకోడలు కాపరానికొచ్చిందని లోకం అనుకోడానికా? దాని నీళ్ళ సంగతి ఇకమీద నేను చూసుకుంటాను. అత్తయ్యగారూ, మీరు దిష్టి తీస్తే చాలు.” అప్పుడు నవ్వింది. ఆ నవ్వుకి నేను ముక్తేశ్వరం వీధంతా వినపడేలా చప్పట్లు కొట్టాను. వర్జ్యం రాకుండానే బయల్దేరి, ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరాం.

దీపాలు పెట్టే వేళకి దాహమేసి చెంబు కుండలో ముంచబోతూ ఆగిపోయాను. ఆ తాటాకింటావిడ కుండ ఖాళీ చేసి పంపేసింది కదా! రాత్రికి వాళ్ళు ఏం తాగుతారు? నా మనసు ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే కుండలో తేరిన నీళ్ళు బిందెలోకి నిండా వంచుకుని, “బాబాయ్, కారు తియ్యి” అన్నాను. బాబాయి కట్టుకట్టిన చేత్తోనే హ్యాండిలు తిప్పాడు. పిన్ని పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూచుంది. వెనక నేను బిందె కావలించుకుని “మెల్లిగా, మెల్లిగా” అని అరుస్తున్నాను, ముందు వాళ్ళిద్దరూ ఏవో చెప్పుకుని నవ్వుకుంటున్నారు, నా గోల ఎవరికి కావాలి? గతుకు పడ్డప్పుడల్లా ఓ చెంబెడు నీళ్ళు నా ఒళ్ళోకి. గట్టు దిగేసరికి బిందె సగమైంది, పరికిణీ మోకాళ్ళదాకా తడిసింది.

“ఏటండీ, కారుకి మళ్ళీ దాహమేసిందాండీ?” అంది ఆవిడ.

“కాదండీ. మీ నీళ్ళు మీకు తెచ్చేను. నిన్నట్నించీ చుక్క లేక ఇబ్బంది పడుంటారు.”

ఆవిడ నా బిందె చూసింది, తడిసిన పరికిణీ చూసింది. “ఆయ్, సమయానికొచ్చేరండీ. గొంతు ఎండిపోతోందనుకోండి” అని గబగబా లోపలికెళ్ళి ఖాళీ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. ఆవిడ వెనక, తెరిచిన తలుపులోంచి, పీట మీద తేరిన నీళ్ళ కుండలు రెండు, అంచులదాకా నిండుగా కనిపిస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్ళ తరవాత ఈ ముక్క రాస్తుంటే నాకవి ఎంతో స్పష్టంగా కనిపిస్తున్నాయి గాని, ఆ పిచ్చిపిల్లకి అప్పుడు కనపడితేగా! ఓ కాపరాన్ని నిలబెట్టేసి, ఓ ఇంటి దాహం కూడా తీరుస్తున్నానన్న గర్వంతో ఊపిరి బిగబట్టి, అడుగున లేని మట్టి కదలకుండా, ఆ సగం బిందెనీ గిన్నెలోకి వంచి పోశాను.